చిరగని సీట్ల దారి

సీటు చూసి బస్సు జాతకం చెప్పేసేది సీట్లక్క. బస్సు డిపో వెనకాల, పాత టైర్ల గోదాముకీ డీజిలు పంపుకీ మధ్య ఇరుక్కున్న రేకుల గది ఆమెది. ఇరవై రెండేళ్ళుగా అక్కడే కూర్చుని చిరిగిన సీట్లు కుడుతోంది. ఏ రూటు బస్సుదో తెలియడానికి సీటు వెనక సుద్దముక్కతో రాసి పంపుతారు. ఆమెకి ఆ రాత అక్కర్లేదు. "ఇది కొండదారి బస్సుది. మలుపు మలుపుకీ జనం పక్కకి జారి జారి ఈ అంచు తినేశారు" అనేది. సంతకి వెళ్ళే బస్సుల సీట్లకి బుట్టల గీతలుండేవి. కాలేజీ ఊరి బస్సు సీట్ల మీద కుర్రకారు బ్లేడుతో చెక్కిన ప్రేమ గుర్తులుండేవి. అలా ఎంతమంది ప్రేమని రెక్సిను వేసి కుట్టేసిందో ఆమెకే తెలియదు.

ఇంత తెలిసిన మనిషి సరదాగా బస్సెక్కి ఎక్కడికైనా వెళ్ళిందా అంటే, లేదు. సెలవులొస్తే ఊరంతా పెట్టెలు సర్దుకునేది, టికెట్ల ధరలు కొండెక్కి కూర్చునేవి, ఈమె సూది పట్టుకుని కూర్చునేది. మొగుడికి నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు నడిపే ఉద్యోగం. సెలవులని జనం నీళ్ళు తాగడం మానరు కాబట్టి ఆయనకీ కదలడానికి ఉండేది కాదు.

ఇంట్లో మూడో మనిషి అత్తగారు. ఆవిడ నోటికి జడిసి పాలవాడు కూడా గుమ్మం దగ్గర గొంతు తగ్గించి పిలిచేవాడు. కోడలు కాపురానికొచ్చిన వారానికే "సూదికి దారం ఎక్కుతుంది గానీ ఈ పిల్ల బుర్రకి ఏదీ ఎక్కదు" అని వీధి వీధంతా చెప్పేసిన ఘనురాలు. డెబ్బై దాటినా ఆ నోటికి రిటైర్మెంటు రాలేదు.

ఆ ఏడు సెలవులకి పది రోజుల ముందు ఆవిడకి చెల్లెలు ఫోను చేసింది. చెల్లెలిది సముద్రం ఒడ్డున ఊరు. రేవు దగ్గర చిన్న టీకొట్టు నడుపుకుంటోంది. అక్కాచెల్లెళ్ళు మొహాలు చూసుకుని పదకొండేళ్ళు.

"కొట్టు అమ్మేశానక్కా. సెలవులు అయిపోగానే అది అప్పజెప్పి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నా. ఇక్కణ్ణుంచి రెండు రోజుల ప్రయాణం అది. ఇప్పుడు చూడకపోతే ఇంక మనం చూసుకోం. ఒక్కసారి రారాదూ?"

అత్తగారు ఫోను పెట్టేసి చాలాసేపు దాని మీద చెయ్యి తీయలేదు.

వేరు కాపురం ఉంటున్న పెద్దకొడుకు సరిగ్గా ఆ సముద్రం ఊరికే టూరు ప్యాకేజీ కొన్నాడు. ఏసీ బస్సు, హోటలు గది, అన్నీ కలిపి. అదృష్టం తలుపు తట్టిందనుకుంది ఆవిడ. మర్నాడు పెద్దకోడలు రంగురంగుల కాగితం ఒకటి పట్టుకుని వచ్చి, కుర్చీ అంచున కూర్చుని చెప్పింది.

"ఒక గదికి నలుగురే అట అత్తయ్యా. మేమే నలుగురం. ఐదో మనిషంటే ఇంకో గది తీసుకోవాలంటున్నారు. ఈసారికి మీరు ఆగండి, వచ్చే ఏడాది తప్పకుండా తీసుకెళ్తాం."

ఎదుటివాళ్ళు ఒకటంటే పది అనే మనిషి ఆ రోజు "సర్లే" అని ఊరుకుంది. సీట్లక్కకి ఆ "సర్లే" గుండెలో ముల్లులా దిగింది. తిట్టే అత్తగారిని ఇరవై రెండేళ్ళుగా భరించింది గానీ, తిట్టని అత్తగారిని రెండు రోజులు చూడలేకపోయింది.

మొగుడు బస్టాండుకి వెళ్ళి కనుక్కొచ్చాడు. మామూలు డైరెక్టు బస్సులు నెల కిందటే నిండిపోయాయట. పండగ స్పెషల్ లాగా సెలవుల స్పెషల్ అని వేశారట, టికెట్టు మూడింతలట.

"ఆ మూడింతలు పెట్టినా సీటు దొరికేలా లేదు. మనవల్ల కాదులే" అన్నాడు చెప్పులు విప్పుతూ.

"డైరెక్టు బస్సు మనకెందుకండీ?" అంది సీట్లక్క.

ఆమె బుర్రలో అప్పటికే ఒక ఆలోచన తిరుగుతోంది. సెలవులు అయ్యాక ప్రతిసారీ ఆమె గదిలో చిరిగిన సీట్లు గుట్టలు పడతాయి. కానీ కొన్ని రూట్ల నుంచి ఒక్క సీటూ రాదు. ఎందుకు రాదు? ఎవరూ కూర్చోరు కాబట్టి. తెల్లారి ఐదింటికి సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్ళే బస్సు ఉంది. మామూలు రోజుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. సెలవుల్లో ఫ్యాక్టరీ మూత, బస్సు మాత్రం టైముకి వెళ్ళాల్సిందే. ఫ్యాక్టరీ నుంచి కాలేజీ ఊరికి ఇంకో బస్సు. కాలేజీ కూడా మూతే. ఆ ఊరి నుంచి రేవుకి చేపల బస్సు. పొద్దున్నే చేపలు తెచ్చి దించేసి, మధ్యాహ్నం ఖాళీగా వెనక్కి పోతుంది. దాని సీటు ఒక్కటి కూడా ఆమె పుట్టి బుద్ధెరిగి కుట్టలేదు. మూడూ ఆర్డినరీ బస్సులే, వీటికి సెలవుల రేటు ఉండదు. మూడు టికెట్లు కలిపినా స్పెషల్ బస్సు టికెట్టులో నాలుగోవంతు.

అన్నం కంచాల మధ్య ఉప్పుడబ్బా, గ్లాసు, చెంచా వరసగా పెట్టి మొగుడికి ఈ దారంతా చూపించింది. ఆయన చెంచా దగ్గరికొచ్చేసరికి తల గోక్కున్నాడు. తలుపు చాటు నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ముసలిదాన్ని మూడు బస్సులు ఎక్కించి దించుతావా?"

"దించుతాను అత్తయ్యా. మూడింట్లోనూ కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు."

"కూర్చోలేకపోతే?"

"మీరు తిట్టండి, నేను పడతాను."

"అదేమన్నా కొత్తా?" అందావిడ. ఆ మాటతో ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది.

సెలవుల మొదటి రోజు లోకమంతా రోడ్డు మీదే ఉంటుందని అత్తగారికీ తనకీ రెండో రోజుకి ప్రయాణం పెట్టింది సీట్లక్క. ఒంటి మీద ఒక జత, సంచిలో రెండు జతలు, అంతే సామాను. ఒక డబ్బాలో రొట్టెలు, ఉడికించిన గుడ్లు, డజను అరటిపళ్ళు, ఫ్లాస్కు నిండా టీ, రెండు సీసాల నీళ్ళు. దారిలో కొనేది ఏదైనా సెలవుల్లో రెట్టింపు ధర పలుకుతుందని బస్సు స్టాండు క్యాంటీను వాడే ఆమెకి చెప్పాడు, అదీ గర్వంగా. అత్తగారు మాత్రం తన దిండు, తన చెంబు, ఆరు స్టీలు డబ్బాలు సర్దుకుంది. కోడలు ఒక్కొక్కటే బయటికి తీసింది.

"దిండన్నా ఉండనియ్యవే."

"మోసేది మీరా, నేనా? సంచి చేతుల్లో ఉంటేనే బస్సు మారడం తేలిక. బరువుంటే కూలీవాడు కావాలి." దిండు ఇంట్లోనే ఉండిపోయింది.

ఫ్యాక్టరీ బస్సులో నలభై నాలుగు సీట్లు, ఏడుగురు మనుషులు. కండక్టరు టికెట్టు కొట్టి ఇచ్చి, పలకరించేవాళ్ళు దొరికారన్న సంబరంతో వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. కాలేజీ ఊరి బస్సులో అయితే వీళ్ళిద్దరు కాక ఒకే ఒక్క మనిషి, అతనూ నిద్రపోతున్నాడు. అత్తగారు కాళ్ళు బారచాపి అరటిపండు తింటూ కూర్చుంది. పెద్ద వంతెన ఎక్కగానే కింద హైవే కనిపించింది. ఏసీ బస్సులు, కార్లు, వ్యాన్లు కదలకుండా బారులు తీరి ఉన్నాయి. కొందరు దిగి రోడ్డు పక్క గొడుగులు వేసుకుని నిలబడ్డారు.

"వాళ్ళంతా ఎక్కడికే?"

"మనం వెళ్ళే ఊరికే అత్తయ్యా."

అత్తగారు కిటికీలోంచి తల బయటపెట్టి ఆ బారుని చివరిదాకా చూసింది. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. కోడలికీ నవ్వాగలేదు. వెనక సీట్లో నిద్రపోతున్న మనిషి లేచి ఏమైందని అడిగాడు.

అప్పటిదాకా అంతా అనుకున్నట్టే జరిగింది. కాలేజీ ఊళ్ళో చేపల బస్సు వచ్చి ఆగాక సీట్లక్క లెక్క తప్పింది. బస్సు ఖాళీగా లేదు, ఖాళీ బుట్టలతో చేపలమ్మే ఆడవాళ్ళు పాతికమంది ఉన్నారు. అది పర్వాలేదు. ఆ బస్సులో కూర్చోవడానికి ఉన్నవి సీట్లు కావు, చెక్క బల్లలు. చేపల నీళ్ళకి స్పాంజి కుళ్ళిపోతుందని ఎప్పుడో పీకేసి బల్లలు బిగించేశారు. చెక్కకి చిరుగు ఏముంటుంది, కుట్టేదేముంటుంది? ఆ బస్సు సీటు తన గదికి ఎందుకు రాలేదో సీట్లక్కకి అప్పుడు తెలిసొచ్చింది.

రెండేళ్ళ కిందట స్నానాలగదిలో జారి పడ్డప్పటి నుంచి అత్తగారు గట్టి బల్ల మీద పది నిమిషాలు కూర్చోలేదు. తుంటి పట్టేస్తుంది. ఇక్కణ్ణుంచి రేవుకి గంటన్నర దారి, అదీ గతుకుల రోడ్డు. ఇది పోతే మళ్ళీ బస్సు రేపు మధ్యాహ్నమే. చేపలమ్మే ఒకామె బుట్ట పక్కకి లాగి, "ఇట్లా కూర్చో పెద్దమ్మా" అని చోటిచ్చింది. అత్తగారు కూర్చుని, మొహం చిట్లించి, లేచి నిలబడింది.

"దిండు తెచ్చుకుంటానంటే తీసి పారేశావు" అంది. అరవలేదు, ఏడుపు గొంతుతో అంది. చెల్లెలు గంటన్నర దూరంలో ఉంది.

"ఎంతసేపు ఆగుతుంది?" అని డ్రైవరుని అడిగింది సీట్లక్క.

"టీ తాగాలి. ఇరవై నిమిషాలు."

ఇరవై నిమిషాల్లో ఆమె ఏం చేసిందో ఆ స్టాండులో వాళ్ళు తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు. పళ్ళ దుకాణం దగ్గరికి పరుగెత్తింది. పెట్టెల్లో పళ్ళ కింద పరిచే ఎండుగడ్డి పక్కన గుట్టగా పడుంది, పారేసేదే. దాన్ని రెండు చేతులా ఎత్తుకుంది. దుకాణం అతన్ని అడిగి ఉతికిన గోనెసంచి ఒకటి పుచ్చుకుంది. పర్సులో ఎప్పుడూ ఉండే వంకర సూదీ మైనపు దారమూ తీసి, ప్లాట్‌ఫారం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గడ్డి దట్టించి, మూతి కుట్టి, కూర్చోగానే గడ్డి ఓ మూలకి పోకుండా తొమ్మిది చోట్ల పైనుంచి కిందకి గుచ్చి బిగించింది. పైన తన తువ్వాలు వేసి అంచు కుట్టేసింది. చుట్టూ మూగిన జనంలో ఒకాయన వాచీ చూస్తూ నిమిషాలు చెప్పసాగాడు. డ్రైవరు హారను కొట్టేసరికి ఆమె పళ్ళతో దారం తెంపింది.

అత్తగారు దాని మీద కూర్చుంది. అటూ ఇటూ కదిలి చూసింది. బస్సు మొదటి గతుకులో పడ్డా ఆవిడ మొహం చెదరలేదు.

"నాకూ ఒకటి కుట్టిపెట్టక్కా. ఈ బల్లల మీద పదిహేనేళ్ళుగా నడుం విరగ్గొట్టుకుంటున్నాం" అంది చోటిచ్చిన ఆమె. ఇంకొకామె తన దగ్గరున్న గోనె తీసింది. మిగిలిన గడ్డితో రేవు చేరేలోపు ఇంకో రెండు కుట్టింది సీట్లక్క. డబ్బు వద్దంటే వాళ్ళు ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్నే మొదటి వలలో పడిన చేపలు టీకొట్టుకి వచ్చాయి.

నాలుగింటికి బస్సు రేవులో ఆగింది. చెల్లెలు అప్పటికే రోడ్డు మీద నిలబడి ఉంది. అక్కాచెల్లెళ్ళు కావలించుకుని, ఇద్దరూ ఒకేసారి "ఇంత చిక్కిపోయావేమే" అని తిట్టుకున్నారు. ఆ తిట్లు సాయంత్రం దాకా సాగాయి. అంత సంతోషం ఆ మొహంలో సీట్లక్క తన కాపురంలో ఎన్నడూ చూడలేదు. తను చేసింది మామూలు పని కాదని ఆమెకి మొదటిసారి అనిపించింది, అనిపించినందుకు సిగ్గు కూడా పడలేదు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దకొడుకు కుటుంబం వాళ్ళ పిన్నిని వెతుక్కుంటూ టీకొట్టుకి వచ్చింది. హైవే మీద పద్నాలుగు గంటలు ఇరుక్కున్నారట. ఏసీ పాడైందట. ప్యాకేజీలో భోజనం కలిసి ఉందన్నవాడు దిగాక లేదన్నాడట. గది కిటికీ తెరిస్తే పక్క హోటలు గోడే కనిపిస్తోందట. బల్ల మీద గడ్డి దిండు వేసుకుని, చేతిలో టీగ్లాసుతో దర్జాగా కూర్చున్న అత్తగారిని చూసి పెద్దకోడలు నోరు వెళ్ళబెట్టింది.

"మీరెప్పుడొచ్చారత్తయ్యా? ఎలా వచ్చారు?"

ఎలా వచ్చిందో అత్తగారు మొదటి నుంచీ చెప్పింది. ఫ్యాక్టరీ మూసిన రోజే ఫ్యాక్టరీ బస్సు ఎక్కాలంది. కాలేజీకి సెలవులిస్తేనే కాలేజీ బస్సు ఎక్కాలంది. కొట్టులో టీ తాగుతున్న వాళ్ళందరూ గ్లాసులు పక్కన పెట్టి విన్నారు. ఇద్దరు కాగితం మీద రాసుకున్నారు కూడా. చెప్పడం అయ్యాక, ఇదంతా ఎవరి ఆలోచన అని అడక్కముందే వేలు పెట్టి కోడల్ని చూపించింది.

పెద్దకొడుక్కి మొహం చెల్లలేదు. కాసేపు కాళ్ళతో ఇసుక గీసి, తల్లి పక్కన వచ్చి కూర్చున్నాడు.

"పోనీ వెనక్కి మాతో రా అమ్మా. మా బస్సులో ఒక సీటు ఉందేమో అడుగుతాను. డబ్బు నేను కడతా."

అత్తగారు టీ చివరి గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"మీ బస్సులో నాకు చోటుందో లేదో ఇంకొకళ్ళని అడగాలిరా. దీనితో వెళ్తే అడగక్కర్లేదు. ఉంటే ఉంటుంది, లేకపోతే ఇదే కుడుతుంది."

సీట్లక్క కళ్ళు తుడుచుకుని, చేపలు శుభ్రం చేయడానికి కత్తిపీట ఎక్కడుందని చిన్నత్తగారిని అడిగింది.