గూటానికి కట్టిన జింక

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులకంటే మగ్గానికే ఎక్కువ చోటు ఉండేది. కడప జిల్లాలో ఒక నేతగాళ్ల వీధి మాది. ముందు గదిలో సగం మగ్గం గుంతే. మా నాయన పొద్దున్నే అందులోకి కాళ్లు దించి కూర్చుంటే మళ్లీ అన్నానికే లేచేవాడు. అమ్మ నూలు చుట్టేది. మా అవ్వ పొయ్యినీ, మా అందరి తగవులనూ చూసుకునేది. ఇంట్లో పిల్లను నేనొక్కదాన్నే. ఆడుకోవడానికి తోడు లేక, కుక్కను పెంచుకుందామంటూ ఆ ఏడాదంతా అవ్వ కొంగు పట్టుకుని వేధించాను.

ఊరికి మూడు మైళ్ల దూరంలో, ఎర్రగుంట్ల పోయే రోడ్డు మీద, రిటైరైన పశువుల కాంపౌండరు ఒకాయన ఉండేవాడు. కాళ్లు విరిగినవీ, ఎవరో వదిలేసి పోయినవీ, ఏ కుక్క కనబడినా తెచ్చి తన రేకుల షెడ్డులో సాకేవాడు. ఊళ్లోవాళ్లు దాన్ని కుక్కల సత్రమని ఎగతాళి చేసేవారు. అడిగినవాళ్లకు కుక్కను ఇచ్చేవాడు గానీ, ముందు పిల్లనిచ్చే మామలాగా నూరు ప్రశ్నలు వేసేవాడు.

అవ్వ చివరికి విసిగిపోయి నన్ను అక్కడికి తీసుకెళ్లింది. నీడన బుద్ధిగా పడుకున్న కుక్కలు ఐదారు ఉన్నాయి. నేను వాటివైపు చూడనే లేదు. తేనె రంగు ఆడకుక్క ఒకటి, ఏడాది వయసుంటుందేమో, తడిక మీదికి ఎగిరెగిరి దూకుతోంది. నన్ను చూసే అది అంత సంబరపడుతోందని మురిసిపోయాను. ఎవరిని చూసినా అది అలాగే ఎగురుతుందని నాకేం తెలుసు?

"అది కుదురుగుండే కుక్క కాదు పాపా. రోజూ పరిగెత్తే తావు కావల్ల దానికి. మీ ఇంట్లో తిప్పేటోళ్లు ఎవురుండారు?" అన్నాడాయన.

"నేనుండా," అన్నాను.

ఆయన నన్ను వదిలేసి అవ్వ ముఖం చూశాడు. అవ్వ కాస్త తడుముకుంది. "ఏం కాదులేప్పా, పిల్ల శానా ఆశపడతాండాది," అంది. ఆయనకు ఇష్టం లేకపోయినా తాడు మా చేతికిచ్చాడు. దానికి దారిలోనే జింక అని పేరు పెట్టేశాను.

ఆ రోజూ మర్నాడూ నేను జింకను వీధి చివరిదాకా తిప్పాను. మూడో రోజు నుంచి బడి, ఇంటి పని, ఆపైన నా బద్ధకం. ఎవరి పనుల్లో వాళ్లు మునిగి ఉండే ఇల్లు మాది. జింక వసారాలో గుంజకు కట్టేసి ఉండేది. తాడు కొరికేది. విప్పితే సరాసరి మగ్గం గుంతలోకి దూకి నాయన కాళ్ల మధ్య చొరబడేది. నూలు ఉండలను వీధిలోకి ఈడ్చుకుపోయేది. పిచ్చికుక్కను తెచ్చుకున్నారని ఇరుగుపొరుగు నవ్వారు. నేనూ దాన్ని రెండుసార్లు కొట్టాను. ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

వారం తిరిగేసరికి పడుగుకు గంజి పెట్టే రోజు వచ్చింది. నిలువు పోగులన్నిటినీ వీధి పొడవునా సాగదీసి, రెండు చివర్లా గూటాలు దిగ్గొట్టి కట్టి, గంజి పూసి, కుంచెలతో దువ్వుతారు. ఎండ ముదిరేలోపు అయిపోవాలి. అందుకని ఎవరి పడుగైనా సరే, వీధిలో అందరూ వచ్చి చేయి వేస్తారు. గంజి వాసనకు జింక ఆగదని, దాన్ని పట్టుకుని ఇంటి వెనక కూర్చోమని నాయన నాకు ఒక్క పని చెప్పాడు.

నాకు వెనక కూర్చోబుద్ధి కాలేదు. వీధంతా ముందుంటే వెనకెవరుంటారు? జింకను వీధిలోకి తెచ్చి, కట్టడానికి ఏదీ కనబడక, పడుగు చివరి గూటానికే కట్టాను. నేతగాడి ఇంట పుట్టిన పిల్ల చేయవలసిన పనేనా అది? పడుగు బలమంతా ఆ గూటం మీదే ఉంటుంది.

అంతలో సందులోంచి మేకల మంద వచ్చింది. జింక ఒక్క దూకు దూకింది. రెండో దూకుకు గూటం ఊడింది. తడి పడుగు మొత్తం మట్టిలో పడింది. అది గూటాన్ని ఈడ్చుకుంటూ పోగుల్లోంచే మేకల వెంట పరిగెత్తింది. పెద్దవాళ్లు అరుస్తున్నారు, నేను మాత్రం నిలబడిపోయాను. మేకల వెంట పోతున్నప్పుడు దాని ముఖంలో ఎంత సంతోషముందో చూశాను.

నాయన నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. మట్టిలో కూర్చుని, ఒకదానికొకటి అంటుకుపోయిన పోగులను చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టాడు. నెల రోజులు అమ్మ పడిన కష్టం అది. "దీన్ని ఈడ పెట్టుకోలేం మా," అన్నాడు అవ్వతో, అంతే.

మర్నాడు ఆదివారం. అవ్వ జింక మెడలోని తాడు విప్పి, దాన్ని పెరట్లో వదిలి తలుపేసింది. ఆ తాడు నా నడుముకు కట్టి, రెండో కొస గుంజకు ముడేసింది. "మజ్జాన్నం దాకా ఈడ్నే ఉండు," అంది. మొదట నవ్వొచ్చింది. కాసేపు గచ్చకాయలాడాను. ఒక కాయ దొర్లిపోతే అందలేదు. వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే గుంజ చుట్టూ తిరిగాను, తాడు పొట్టిదైపోయింది. తర్వాత తాడు లాగాను, అవ్వను పిలిచాను, కోపంతో పక్కనున్న నీళ్ల చెంబును తన్నాను. ఎండ నడినెత్తికి రాకముందే ఏడ్చాను. అవ్వ వచ్చి ముడి విప్పగానే వీధి చివరిదాకా పరిగెత్తి వెనక్కి పరిగెత్తుకొచ్చాను. ఎందుకు పరిగెత్తానో నాకే తెలియదు.

"ఇంత సేపటికే చెంబు తంతివే. అది వారం నుంచి ఉండాది," అంది అవ్వ. తిట్టలేదు. తనను కూడా కలుపుకుని అన్నట్టుగా ఉంది ఆ మాట.

నేను జింకను పట్టుకుని, ఇకమీదట రోజూ తిప్పుతానని, బడి మానేస్తానని ఒట్లు పెట్టాను. అవ్వ నా తల నిమిరింది గానీ నమ్మలేదు. పైవీధి గొర్రెల కాపరిని అడిగాం, మందను బెదరగొడుతుందని వద్దన్నాడు. నందికొట్కూరులో మా మేనత్త వాళ్లకు చేనుంది, వాళ్లకూ కబురు పంపాం. జవాబు రాలేదు. నాకు తెలియవలసింది తెలిసింది. తెలిసి చేయగలిగింది మాత్రం ఏమీ లేకపోయింది.

ఆ ఆదివారం తర్వాత నాలుగో రోజు అవ్వా నేనూ జింకను తిరిగి షెడ్డుకు తీసుకెళ్లాం. ఆ మూడు మైళ్లూ అది నన్ను లాక్కుంటూ పరిగెత్తింది. మా ఇంటికి వచ్చాక దానికి దొరికిన మొదటి పెద్ద షికారు అదే. మధ్యమధ్య ఆగి, నేను వస్తున్నానా లేదా అని చూసి, తోక ఊపి మళ్లీ లాగేది. నేను దారంతా ఏడుస్తూనే దాని వెంట పరిగెత్తాను. కాంపౌండరు తడిక తీశాడు. అది లోపలికి దూకి, వెంటనే వెనక్కి తిరిగి, నా కోసం నిలబడింది. ఆయన తడిక వేసినా అది ఎగరలేదు. నేనూ వస్తాననుకుంది.

నాకిప్పుడు అరవై ఎనిమిదేళ్లు. కర్నూల్లో కూతురి ఇంట్లో ఉంటున్నాను. పోయినేడు నా మనవరాలు జంతువుల షెల్టర్ నుంచి ఒక కుక్కను తెచ్చింది. ఒక్క నిమిషం కాలు నిలవదు. నెల తిరక్కుండానే అందరూ అలిసిపోయి బాల్కనీలో కట్టేశారు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే నేనే దాన్ని కాలువ గట్టుకు తీసుకెళుతున్నాను. ఒకసారి లాగి పడేసింది, మోకాలు వాచింది. ఎందుకు నీకీ తిప్పలు, తిరిగి ఇచ్చేద్దామంటుంది కూతురు. నవ్వి ఊరుకుంటాను. దీన్ని ఎంత తిప్పినా జింకకు చేరదని నాకు తెలుసు. తెలిసే, తెల్లవారగానే చెప్పులు వేసుకుంటాను.