డేటాబేస్‌కు స్వామి పేరు

నా టైలరింగ్ షాపులో కంప్యూటర్ తరచూ మొరాయిస్తోంది. అందుకే కస్టమర్ల కొలతలన్నీ ఇంటర్నెట్‌లో ఉండే డేటాబేస్‌లోకి మార్చి, దాన్ని మేం ఆర్డర్లు రాసుకునే అప్లికేషన్‌కు కలపడానికి ఈ రోజు పక్క వీధి కంప్యూటర్ మెకానిక్ రియాజ్ వచ్చాడు.

"వేరేవాళ్లు తెరవకుండా పాస్‌వర్డ్ పెట్టల్లమ్మా, చెప్పండి" అన్నాడు.

"గోవిందా" అన్నాను మెల్లగా.

"వద్దమ్మా. తిరుపతిలో దొంగ గూడా మొదట అదే కొట్టి సూస్తాడు."

"స్వామి పేరు పెడితే ఆయనే కాపాడడా?"

"ఆయన హుండీకే తాళాలేసి ఉండారు కదమ్మా."

నన్ను నమ్మి కొలతలిచ్చిన ఆడవాళ్లు గుర్తొచ్చి, అర్థంలేని అక్షరాలూ అంకెలూ కలిపి పెట్టాను. డేటాబేస్ కలిసింది, కొలతలన్నీ తెరమీదికొచ్చాయి.

మీ పాస్‌వర్డ్ చెప్పకండి గానీ, అందులో దేవుడున్నాడో లేదో చెప్పండి.