మొదటి చీరకు పెట్టిన బొట్టు

పదేండ్ల సంది సూరత్‌ల సాంచెల, అంటె కరెంటు మగ్గాల మాస్టర్‌ను. కొత్త డిజైన్ మొదటి చీర దిగంగనే అంచుకు కుంకుమ బొట్టు పెడ్త, మా నాయిన పెట్టినట్టే. తర్వాత ఫోటో తీసి కారఖానా గ్రూపుల వేస్త.

ఒక పొద్దు సేటు క్యాబిన్‌కు పిలిచిండు. ఇంకా బజార్లకు పోని మా అంచు వేరేటోని దుకాణంల వేలాడుతుందట. "మీలనే ఎవడో ఫోటో బయటికి పంపిండు. పట్టియ్యి మాస్టర్, లేకుంటే మీ తెలుగోళ్లందర్నీ తీసేస్త" అన్నడు.

ఇగ అందరూ దొంగల లెక్కనే కనవడ్డరు. ఒకడు ఫోన్ జేబుల పెడితే, ఎందుకు దాస్తుండు? ఇంకొకడు బల్ల మీద పెడితే, ఏం నాటకం! మా ఊరి తమ్ముడొకడున్నడు, నేనే పనిల పెట్టిచ్చిన. ఈడనే వడోద్ బస్తీల కిరాయి రూంల ఉంటడు, మొన్ననే బిడ్డను బడిల వేసిండు. వాడు ఆ రోజు సంది నాకు మొఖం తప్పిస్తుండు.

నిలదీసిన. "నేను పంపలేదన్నా" అన్నడు. మళ్ల, "పంపినోళ్లు గూడ కావాలని పంపలేదు" అన్నడు.

ఏంది? పంపినోళ్ల మనసుల మాట వీనికెట్ల ఎర్క? దొరికిండు దొంగ! ఉరుకుతపొయ్యి సేటుకు చెప్పిన. సాయంత్రానికల్ల వాణ్ని పనిలకెల్లి తీసేసిండ్రు. టిఫిన్ డబ్బా పట్టుకొని పోయిండు.

నాలుగు రోజులకు ఇంకో డిజైన్ దిగింది. బొట్టు పెట్టి, ఫోటో కారఖానా గ్రూపుల వేసిన. అలవాటు కొద్ది మా ఊరోళ్ల గ్రూపు గూడ తెరిచిన. మొదటి చీర ఊరోళ్లకు చూపియ్యంది నాకు పనైనట్టే ఉండది. వాళ్లు బయటోళ్లని ఎన్నడూ అనుకోలే. కానీ వాళ్లల్ల సగం మంది ఈ సూరత్‌లనే వేరే కారఖానాలల్ల చేస్తరు. నా వేలు అక్కడనే ఆగింది.

పైన బయటికి పోయిన ఆ పాత చీర ఫోటో, నా చేత్తోని పెట్టిన బొట్టు. కింద అందరికంటే ముందు దండం బొమ్మ పెట్టింది ఆ తమ్ముడే.

అయ్యో, ఎంత పాపం చేస్తిని! వానికి ఫోన్ చేసిన.

"నేనే పంపిననని నీకెర్కనా? మరెందుకు చెప్పలేదురా?"

"నువ్వే చెప్తవనుకున్ననన్నా" అన్నడు.

ఫోన్ అట్లనే పట్టుకొని సేటు క్యాబిన్ మెట్లెక్కిన.