ఆండ్రోమెడాలో నేను పెట్టిన ఊక గొట్టం

ఆ ఆదివారం మా ఊరి గ్రంథాలయంలో జరిగిన సభలో నా మాటలు విన్నవాళ్లు ముప్పై మంది దాకా ఉంటారు. తర్వాత వాళ్లలో పదిమందిని కూడా పట్టుకోలేకపోయాను. మిగతావాళ్ల దగ్గర నా తప్పు ఒప్పుగానే ఉండిపోయింది. అందుకే ఇది రాయాల్సి వచ్చింది.

నేను మండపేటలో రైసుమిల్లు ఆపరేటర్ని. కాలేజీ చదువు ఇంటర్‌తో ఆగింది. ఆ తర్వాతదంతా గ్రంథాలయంలో చదివిందే, అది చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. దగ్గరి సర్పిలాకార గెలాక్సీల్లో, నక్షత్రాల మధ్య పరుచుకున్న ధూళి గురించి రెండేళ్లు చదివాను.

ఆండ్రోమెడా గెలాక్సీ ఫోటోలో ఒక పక్క ధూళి తాలూకు నల్లటి చారలు బాగా కనిపిస్తాయి, రెండో పక్క పలచగా ఉంటాయి. మా మిల్లులో ఏ మూల దుమ్ముతో మసకగా ఉంటే, ఊక బయటికి చిమ్మే గొట్టం ఆ మూలే ఉంటుంది. ఆ అలవాటుతోనే, గెలాక్సీలో కూడా ఆ పక్కే ధూళి ఎక్కువ పుడుతోందని సభలో చెప్పేశాను. చప్పట్లు కొట్టారు. రామచంద్రపురం నుంచి వచ్చిన సైన్సు టీచరుగారు రాసుకుని, బుధవారం క్లాసులో చెబుతానన్నారు.

మంగళవారం మిల్లులో అదే ఫోటో ఫోనులో చూపిస్తూ గొప్పలు పోతుంటే, మా మేస్త్రి తాపీగా అన్నాడు.

"లైటుకి ఇవతలున్న ఊకే కదండీ మనకి అడ్డం. అవతల ఎంతుందో మీకెలా తెలుస్తాది? ఎనకాలకెళ్లి చూసొచ్చారేంటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ నిలవలేకపోయాను. ఆ గెలాక్సీ మనకి ఒరిగి కనిపిస్తుంది. మనవైపు ధూళి నడిమి వెలుగుకి అడ్డం పడుతుంది, అవతలి ధూళి ఆ వెలుగు వెనక ఉండిపోతుంది. అన్నం తినకుండా గ్రంథాలయానికి పరిగెత్తాను. నేను చదివిన పుస్తకంలోనే కంటికి కనబడని పరారుణ కాంతిలో తీసిన ఫోటో ఉంది. అందులో ధూళి తనే వెలుగుతూ, చుట్టూ ఉంగరంలా, రెండు పక్కలా ఉంది. ఆ పేజీ నేను ముందే చూశాను. ఏవో రంగులద్దిన బొమ్మలే అని తిప్పేశాను. ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

టీచరుగారి నంబరు నా దగ్గర లేదు. బుధవారం సెలవు పెట్టి రామచంద్రపురం బస్సెక్కాను. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. ధాన్యం ట్రాక్టరు అడ్డం వచ్చిన ప్రతిసారీ దిగి నడుద్దామనిపించింది.

నేను వెళ్లేసరికి పాఠం అయిపోయింది. తప్పెక్కడ జరిగిందో వరండాలోనే చెప్పాను. ఆవిడ తరగతి గది వైపు చూపించారు.

"నేను దిద్దితే ఏం బాగుంటుందండీ? పిల్లలింకా లోపలే ఉన్నారు. మీరే వచ్చి చెప్పండి. ఎందుకు పొరపడ్డారో అది కూడా చెప్పండి."

బోర్డు మీద ఆవిడ వేసిన గెలాక్సీలో ఒక సగం నిండా ధూళి చుక్కలున్నాయి. సుద్దముక్క తీసుకుని రెండో సగంలో కూడా అన్నే పెట్టాను. ఊక గొట్టం సంగతీ, తిప్పేసిన పేజీ సంగతీ దాచకుండా చెప్పాను.

ముగ్గురూ తమ పేర్లు వద్దన్నారు కాబట్టి ఇలాగే చెబుతున్నాను. నా మాటని నమ్మని మేస్త్రికీ, ఆ మంగళవారం మధ్యాహ్నం తలుపులు వేసే వేళైనా పుస్తకం ముందు నుంచి నన్ను లేపని గ్రంథాలయాధికారిగారికీ, వరండాలోంచే నన్ను పంపించెయ్యని టీచరుగారికీ నా కృతజ్ఞతలు.