అక్కకు నేను చేసిన వైద్యం

మా గల్లీలో నన్ను సగం డాక్టర్ అనేవాళ్లు. నాచారంలో ఒక మందుల కంపెనీ స్టోర్‌లో డ్రమ్ములకు లేబుళ్లు అంటించడం నా పని. అయినా జ్వరమొచ్చినా, మోకాలు నొచ్చినా ముందు నా దగ్గరికే వచ్చేవాళ్లు. నాకు అంత తెలియదు అని చెప్పడానికి ఎన్నడూ నోరు రాలేదు. ఆ గౌరవం మస్తు రుచిగా ఉండేది.

అక్క మా వెనక వాటాలో ఉండేది. బావ పోయాక చీరలకు ఫాల్, రైకలకు హుక్కులు కుట్టి బతికేది. షుగర్ వచ్చి పదేళ్లు దాటింది. తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు, ఉప్పల్‌లో మెట్రో కోసం రోడ్లన్నీ తవ్విపోసిన రోజుల్లో, కళ్ల ముందు నల్లటి పోగులు ఆడుతున్నాయంది. కంటి దవాఖానాకు తీసుకెళ్లాను. కంటి లోపలి పొరలో రక్తనాళాలు కారుతున్నాయి, రెండు కళ్లకూ లేజర్ చెయ్యాలి, వచ్చే వారమే రండి అని చీటీ రాసిచ్చారు.

ఇంటికొచ్చాక అక్కకు భయం పట్టుకుంది. "తమ్మీ, కంట్ల మంట పెడ్తరంట గదా. పోవాల్నంటవా?"

సరిగ్గా ఆ నెలలోనే స్టోర్‌లో నాకొక నిగనిగలాడే కరపత్రం దొరికింది. రక్తంలో చక్కెర ఎక్కువైతే ఫ్రీ రాడికల్స్ పెరుగుతాయట, అవి కంటిలోని సన్న నాళాలను దెబ్బతీస్తాయట, దాన్ని ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారట. కింద యాంటీ ఆక్సిడెంట్ గోళీల బొమ్మ. ఈ మాటలు ఎవరి ముందు వదులుదామా అని తిరుగుతున్నాను. అక్క ముందు వదిలాను.

"ఇనుముకు తుప్పు వట్టినట్టే అక్కా. తుప్పు ఆపితే అయిపాయె. లేజర్ ఎందుకు? గోళీలు నేను తెస్త."

అక్క ముఖం తేటపడింది. ఆ వారం బందు కూడా పడి బస్సులు తిరగలేదు, నాకు సాకు కూడా దొరికింది. ఏడాదిన్నర ఆ గోళీలు మింగింది. ఎట్లుందని అడిగితే "జర నయమే" అనేది. నన్ను చిన్నబుచ్చడం ఆమెకు ఇష్టం లేదు.

ఒక పొద్దున సూదిలోకి దారం ఎక్కిస్తుంటే ఎడమ కంటికి ఎర్రటి తెర అడ్డం పడింది. ఆ కన్ను మళ్లీ వెలుగు చూడలేదు. కుడి కంటికి అప్పుడు లేజర్ చేశారు గానీ, మనిషి ఆకారం తప్ప ముఖం తెలియదు. కుట్టుపని ఆగిపోయింది.

డాక్టర్ నన్నొక్కణ్నే లోపలికి పిలిచాడు. ఇంత ఆలస్యం ఎందుకైందని అడిగితే కరపత్రం సంగతి, గోళీల సంగతి చెప్పాను. "మీరు చదివింది అబద్ధం కాదండీ. కంట్లో అలాంటిది జరుగుతుంది. కానీ కారుతున్న నాళాన్ని ఆ మాత్రలు ఆపలేవు. చెప్పినప్పుడే వచ్చుంటే చూపు చాలావరకు నిలిచేది" అన్నాడు. తిట్టినా బాగుండేది. బయట బల్ల మీద కూచున్న అక్కతో మాత్రం "షుగర్ ముదిరిందంట" అని చెప్పాను. అంత పిరికివాణ్ని.

అక్క గల్లీలో అందరితో "మా తమ్ముడు గోళీలు తెచ్చి నా చూపును గిన్ని దినాలు కాపాడిండు, లేకుంటె ఎప్పుడో పోతుండె" అనేది. నేను పక్కనే ఉండి వినేవాణ్ని. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని, నోరు మాత్రం విప్పలేదు.

తెలంగాణ వచ్చిన ఏడు, వానాకాలంలో, పక్కింటామె చీటీ పట్టుకుని వచ్చింది. అక్క గడపలో కూచుని వేళ్లతో తడుముతూ చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది.

"అన్నా, నాకు గూడ లేజర్ రాసిన్రు. మస్తు భయమైతుంది. అక్కకిచ్చిన గోళీలు నాకూ తెప్పియ్యరాదె?"

నాకంటే ముందు అక్కే జవాబిచ్చింది. "ఫికర్ జెయ్యకు. మా తమ్ముడు తెస్తడు."

ఇంకొక మనిషి కళ్లు తీసేంత ధైర్యం నాకు లేదు. "గోళీలు వద్దు చెల్లె. రేపే పోయి లేజర్ చేపిచ్చుకో. ఆలస్యమైతే కన్ను పోతది" అన్నాను.

అక్క చేతులు ఆగిపోయాయి. నా గొంతు వినబడిన వైపు ముఖం తిప్పింది.

"మరి నాకెందుకు గిట్ల చెప్పలే తమ్మీ?"