ఒనోఫ్రె వీపు మీద ఊరు

ఓరో ప్రెటో అనే ఆ కొండ ఊళ్లో ఫ్రిజ్జు కొంటే సరిపోదు, ఒనోఫ్రె ఖాళీగా ఉన్నాడో లేడో ముందు కనుక్కోవాలి. లారీ దాన్ని తెచ్చి చౌరస్తాలో దింపి చేతులు దులిపేసుకుంటుంది. అక్కణ్ణుంచి ఇళ్లకి వెళ్లే సందులు నిచ్చెన వేసినట్టు నిటారుగా ఉంటాయి. మూడొందల ఏళ్ల కిందట బంగారం కోసం ఎగబడ్డవాళ్లు ఎక్కడ గని తవ్వితే ఆ పక్కనే కొంప కట్టుకున్నారు తప్ప, రేపు ఇక్కడికి ఫ్రిజ్జు ఎలా ఎక్కుతుందని ఒక్కడూ ఆలోచించలేదు. వాళ్లు ఆలోచించకపోబట్టే ఒనోఫ్రె ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

మనిషి పొట్టి. యాభై నాలుగేళ్లు. మెడ ఎక్కడ అయిపోయి భుజం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. వీపుకి కట్టుకునే చెక్క చట్రం ఒకటి తనే చేసుకున్నాడు, భుజాలకి రెండు తోలు పట్టీలు, నడుముకి ఒకటి. దాని మీద మంచాలు ఎక్కించాడు, బీరువాలు ఎక్కించాడు, ఊరి బ్యాండువాళ్ల పెద్ద డ్రమ్ము ఎక్కించాడు. పండగలప్పుడు పిలార్ చర్చి ఊరేగింపులో విగ్రహం మోసేవాళ్లలో ముందు వరస కుడివైపు అతనిదే.

ముప్ఫై ఆరేళ్లుగా వంగి నడవడం వల్ల అతనికి ఊరంతా రాళ్లలోనే తెలుసు. దారిలో పరిచిన రాళ్లకి పేర్లు కూడా పెట్టుకున్నాడు. వానొస్తే జారేది 'సబ్బుముక్క', పైకి పొడుచుకొచ్చింది 'ముసలి పన్ను', అడుగేస్తే కదిలేది 'అప్పులాడు'. ఎక్కడెక్కడి జనమో వచ్చి చర్చి గోపురాలకేసి నోరు తెరుచుకుని చూస్తుంటే, అతను వాళ్ల చెప్పులు చూసేవాడు. ఎవరు ఎక్కడ పడతారో ముందే చెప్పగలిగేవాడు. పైన ఏముందో మాత్రం అతన్ని అడక్కూడదు. చూడనివ్వలేదని కాదు, చూడాలనే తోచలేదు.

ఒక జూలై ఉదయం, లోయలో మంచు ఇంకా విడవకముందే, ఒనోఫ్రె చౌరస్తాలో బీరువా లారీ కోసం కాచుకుని ఉన్నాడు. లారీ ఆలస్యమైంది. పక్క బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు. పెద్దావిడకి డెబ్భై దాటి ఉంటాయి. చేతిలో కర్ర, ఒళ్లో సంచి. పేరు పెర్పేతువా, అరకాజులో బడిపంతులమ్మగా చేసి రిటైరయింది. సముద్రం ఒడ్డున చాప పరిచినట్టుండే ఊరు వాళ్లది. రెండో ఆమె మేనకోడలు క్లేయా.

"పోనీ అత్తా, నువ్విక్కడే కూర్చో. నేను లోపలికెళ్లి ఫొటోలు తీసుకొచ్చి చూపిస్తా," అంటోంది క్లేయా.

"ఫొటోలు మన ఊళ్లో లేవటే? నలభై ఏళ్లు పిల్లలకి ఈ ఊరు బోర్డు మీద గీసి చెప్పాను. కాళ్లున్నన్నాళ్లూ రాలేదు, మోకాళ్లు అరిగాక బయల్దేరాను. తప్పు నాదే. నువ్వెళ్లిరా."

ఆ మాట ఏడుస్తూ అనలేదామె, నవ్వుతూనే అంది. అందుకే ఒనోఫ్రెకి గుచ్చుకుంది. కాస్త దగ్గరికి జరిగాడు.

"అమ్మగారూ, తమరెన్ని కిలోలుంటారు?"

క్లేయా అతన్ని కాల్చేసేట్టు చూసింది. పెర్పేతువా మాత్రం తడుముకోలేదు. "యాభై ఎనిమిది. ఎందుకయ్యా?"

"పొద్దున్నే తొంభై కిలోల ఫ్రిజ్జు ఆ పై వీధిలో దించొచ్చాను. దాని ముందు తమరెంత?"

"ఫ్రిజ్జు నోరు మూసుకుని కూర్చుంటుంది నాయనా. నేను కూర్చోను."

"మాట్లాడుకోండి. మాటలకి బరువేముంది?"

బీరువా వస్తే సాయంత్రం మోస్తానని ఎదురుగా కాఫీ అంగడివాడికి చెప్పి, వాణ్ణే అడిగి చేతుల కుర్చీ ఒకటి తెచ్చాడు. చట్రానికి మూడు చోట్ల బిగించి కట్టాడు. క్లేయా గుండె చేత్తో పట్టుకుని నిలబడింది. టీచరమ్మ మడిచిన గొడుగులా కర్రని చంకలో ఇరికించుకుని, కుర్చీలో కూర్చుని, "ఊఁ, పద," అంది. అతను మోకాలి మీంచి లేచాడు. ఆమె వీపు అతని వీపుకి, ఆమె మొహం వెనక్కి.

"అయ్యో, నేను వెనక్కి పోతున్నానే!"

"మంచిదేగా. ఎక్కేటప్పుడు లోయంతా మీకే కనిపిస్తుంది. ముసలి పన్ను వస్తోంది, గట్టిగా పట్టుకోండి."

"ఎవరి పన్ను?"

"రాయండీ. దాని పేరది."

సంచి పట్టుకుని క్లేయా వెనకే నడిచింది. అలా మొదలైంది. అతను రాళ్ల సంగతి చెప్పడం, ఆమె పైన కనిపించేవి చెప్పడం. ఫలానా కిటికీకి నీలం రంగు, ఫలానా అరుగు మీద పిల్లి, ఆ మిద్దె కింద చెక్కిన రాతి పువ్వు. ముప్ఫై ఆరేళ్లు నడిచిన వీధిలో అన్ని పువ్వులున్నాయని అతనికి ఆరోజే తెలిసింది.

సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో ఆమెని దించి బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆమె పైకప్పుకేసి చూసి, కర్ర పైకెత్తి చూపించింది. "ఒనోఫ్రే, చూడు," అంది.

చూద్దామని ప్రయత్నించాడు. మెడ వెనక్కి వాలదే! ఇన్నేళ్ల బరువుకి ఇనుపకడ్డీలా బిగుసుకుపోయింది.

"పడుకో," అంది టీచరమ్మ, క్లాసులో చివరి బెంచీవాడికి చెప్పినట్టు.

"ఎక్కడా?"

"నేల మీదే. మంచం తెమ్మంటావా?"

టోపీ తీసి గుండెల మీద పెట్టుకుని చెక్కనేల మీద వెల్లకిలా పడుకున్నాడు. తాళాలు చూసుకునే మనిషి పరిగెత్తుకొచ్చాడు. "ఒనోఫ్రే! పొద్దున్నే పట్టించావా? లే, లే!"

"తాగలేదయ్యా. చదువుకుంటున్నా."

పైన మేఘాల మధ్య మరియమ్మ నిలబడి ఉంది. తెల్లగా లేదు, ఈ కొండల్లో పుట్టిన పిల్లలాగా చామనచాయ, గుండ్రటి బుగ్గలు. చుట్టూ దేవదూతలు. ఒకడు వయొలిన్ వాయిస్తున్నాడు, ఇంకొకడు బుగ్గలు పూరించి బూర ఊదుతున్నాడు, వాడు అచ్చం బ్యాండులో ఊదే తన బావమరిదిలానే ఉన్నాడు. ఒనోఫ్రెకి నవ్వు తన్నుకొచ్చింది. నేల మీద పడుకుని పొట్ట అదిరేలా నవ్వాడు. మళ్లీ మరియమ్మ మొహం చూసేసరికి నవ్వాగిపోయింది. ఆ మొహం ఎవరిదో అతనికి తెలుసు. తన భార్య దాల్వాది, పెళ్లప్పటిది.

అక్కణ్ణుంచి గని దగ్గరికి వెళ్లారు. సొరంగంలో కుర్చీ పట్టలేదు. టీచరమ్మ దిగి, కర్ర ఊతంతో వంగి లోపలికి చూసింది. చల్లగాలి మొహానికి కొట్టింది.

"ఇందులోంచి రాళ్లు ఎలా బయటికి తెచ్చేవాళ్లు?"

"వీపు మీదే. మా ముత్తాతల ముత్తాతలు. వాళ్లకి కూలీ లేదు, వద్దనే నోరూ లేదు." ఒనోఫ్రె ఆ రాతి గోడని అరచేత్తో ఒకసారి తడిమాడు. "నేను నాకిష్టమైతేనే మోస్తానండీ."

ఇష్టమైంది కాబట్టే సెయింట్ ఎఫిజేనియా గుట్ట కూడా ఎక్కించాడు. ఊళ్లో అంతకన్నా నిటారు దారి లేదు. అది లోయకి అవతలి పేట. ఒనోఫ్రె ఉండే పిలార్ పేటవాళ్లని అక్కడివాళ్లు 'ఆవుకాళ్లు' అంటారు, వీళ్లు వాళ్లని 'పిండినీళ్లు' అంటారు. ఎవరి తిండిని బట్టి ఎవరు ఆ పేర్లు పెట్టారో, ఎప్పణ్ణుంచో ఉన్నదే. అరుగు మీద కూర్చున్న మంగలాయన కేకేశాడు.

"ఏంటోయ్ ఆవుకాళ్లోడా! మీ పేటలో విగ్రహాలు అయిపోయాయా, మాట్లాడేదాన్ని ఎత్తుకొచ్చావ్?"

"పిండినీళ్లు తాగేవాడివి, బరువు సంగతి నీకెందుకురా!"

"దేవత నీకు దీవెన ఇస్తుందయ్యా," అని టీచరమ్మ పైనుంచి చెయ్యెత్తి బిషప్పులాగా శిలువ గీసింది. అరుగు మీద జనం విరగబడి నవ్వారు.

ఇంతలోకి వార్త కొండ దిగి పిలార్ పేటకి చేరనే చేరింది. చేరేసరికి దానికి కాళ్లూ చేతులూ వచ్చాయి. 'నీ మొగుడు ఎవరో పైఊరి ఆడదాన్ని వీపునెక్కించుకుని వీధుల వెంట తిప్పుతున్నాడే,' అని. మధ్యాహ్నం ఒనోఫ్రె తన సందు మలుపు తిరిగేసరికి దాల్వా గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో చిక్కుడుగింజలు కలిపే గరిటెతో.

"ఏవయ్యా! ఎక్కడిదా సరుకు?"

"అరకాజు నుంచి, పంతులమ్మగారే..."

"ఇరవై తొమ్మిదేళ్లయింది నన్ను కట్టుకుని. మార్కెట్టు నుంచి గుమ్మడికాయ మోసుకొచ్చినరోజు కూడా 'ఇటివ్వు' అన్న పాపాన పోలేదు. ఇవాళ ఊరేగింపా?"

కుర్చీలోంచి టీచరమ్మ మెడ తిప్పాలని చూసింది, కుదరలేదు. "అమ్మాయ్, నాకు నువ్వు కనిపించడం లేదు. కాస్త ఇటువైపు వచ్చి తిట్టవూ?"

దాల్వా చుట్టూ తిరిగి వచ్చింది. కుర్చీలో ముడుచుకుని కూర్చున్న ముసలావిడని, ఆమె ఒళ్లోని కర్రని, వాచిన మోకాళ్లని చూసింది. గరిటె కిందికి దిగింది.

"అన్నం తిన్నారా అమ్మా?" అంది.

తినేటప్పుడు ఒనోఫ్రె తలెత్తకుండా, "చర్చి పైకప్పు మీద నీ బొమ్మ ఉందే," అన్నాడు.

"నలభై ఏళ్లుగా ప్రార్థనకి పోతున్నా. నాకు తెలీదనుకున్నావా?" అంది దాల్వా. ఆకుకూర వడ్డిస్తున్న చెయ్యి మాత్రం కాస్త ఆగింది. "ఎవరూ అనరేంటా అని చూస్తున్నా ఇన్నేళ్లూ."

మర్నాడు టీచరమ్మే పట్టుబట్టింది. పొయ్యి ముందు పీట వేయించుకుని కూర్చుంది. "గింజలు నేను చూసుకుంటా. అడుగంటితే నన్నడగండి. నువ్వెళ్లి ఎక్కమ్మా."

"నేను డెబ్భై ఎనిమిది కిలోలు," అంది దాల్వా, ఎవరూ అడక్కుండానే.

"తొంభై మోశాను," అన్నాడు ఒనోఫ్రె.

"ఫ్రిజ్జుతో పోలుస్తున్నావా నన్ను?"

సందులో ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చారు. దాల్వా మొదటి మలుపు దాకా కళ్లు మూసుకునే ఉంది. రెండో మలుపులో ఒక కన్ను తెరిచింది. చౌరస్తాకి చేరేసరికి ఇంకెవరూ ఆపలేకపోయారు. తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ చెయ్యూపింది, కాఫీ అంగడివాడి యోగక్షేమాలు అడిగింది, పరదేశీ ఒకడు ఫొటో తీయబోతే జుట్టు సర్దుకుని మళ్లీ తీయమంది. సెయింట్ ఎఫిజేనియా గుట్ట మీద దిగాక మాత్రం చెయ్యి దించి అంచు దాకా నడిచింది. ఎర్రటి పెంకులు, తెల్లటి గోపురాలు, దూరంగా ఇటకొలొమి శిఖరం, అన్నీ కళ్లముందే ఉన్నాయి. ఒనోఫ్రె పట్టీలు విప్పుకుని పక్కన కూర్చున్నాడు. చెమట తుడుచుకోమని ఆమె తన చేతిగుడ్డ ఇచ్చింది.

తిరిగొచ్చేసరికి గింజలు అడుగంటాయి. టీచరమ్మ క్లేయాకి బంగారు గనుల చరిత్ర చెబుతూ కలపడం మర్చిపోయింది. మాడు వాసనతోనే అందరూ తిన్నారు.

వాళ్లు ఊరెళ్లాక ఒనోఫ్రెకి బీరువాల పని మామూలే. అయితే తర్వాతి ఆదివారం కెయిమాదా గుట్ట మీంచి ఒకావిడ దిగొచ్చి, వాళ్ల నాన్న కోసం అడిగింది. గడియారాలు బాగుచేసే తిబూర్సియో, తొంభై ఒక్క ఏళ్లు. ఆరేళ్లుగా కొండ దిగలేదు.

ఒనోఫ్రె కుర్చీ పట్టుకుని వెళ్లాడు. తాతని కూర్చోబెట్టి పట్టీలు బిగించాడు.

"ఏ చర్చికి పోదాం తాతా?"

"చర్చికెందుకురా? అందరూ దేవుణ్ణి చూపిస్తామనే వస్తారు," అన్నాడు తిబూర్సియో. "నేను పేకాట క్లబ్బు చూసి ఆరేళ్లయింది. అక్కడ నాకొక ఆట బాకీ ఉంది. నడు."

ఒనోఫ్రె నడిచాడు. తాత వెనక్కి తిరిగి కూర్చుని, దారంతా కనిపించిన ప్రతి ముసలివాణ్ణీ పేరుపెట్టి పిలుస్తూ, "ఇంకా ఉన్నావురా?" అని అడుగుతూనే ఉన్నాడు.