సేఠ్ సంతకం పెట్టిన మనిషి

మా సేఠ్ ధైర్యమంతా ఫోన్‌లోనే ఉండేది. ఎవరైనా ఎదురు మాట్లాడితే జేబులోంచి ఫోన్ తీసి, "చేయమంటావా పోలీసులకు?" అనేవాడు. బతుకుదెరువుకు వెళ్లిన ఉధ్నాలో ఆయన మగ్గాల మీద ఏడేళ్లు పనిచేశాను. ఒక్కసారి కూడా ఆయన నంబరు నొక్కగా చూడలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. మా షిఫ్టులో ఒకతనికి జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. సేఠ్ ఒక మాత్ర చేతిలో పెట్టి మగ్గాల దగ్గరికే పంపాడు. తాను మాత్రం ఆఫీసు అద్దం వెనక రెండు మాస్కులు పెట్టుకుని కూర్చున్నాడు. ఎంత జాగ్రత్త గల మనిషో! మేమందరం గుసగుసలాడాం. నోరు విప్పింది మాత్రం మా గదిలోనే ఉండే బెంగాలీ అతను.

"అతన్ని పరీక్షకు పంపేదాకా నేను లోపలికి రాను," అన్నాడు హిందీలో.

సేఠ్ ఫోన్ తీశాడు. "నువ్వు బంగ్లాదేశీవని ఒక్క మాట చెప్తే చాలు. రేపటికల్లా సరిహద్దు అవతల ఉంటావు."

అతనిది మన బెంగాల్‌లోని మాల్దా అని సేఠ్‌కూ తెలుసు, మాకూ తెలుసు. అయినా అతని ముఖం పాలిపోయింది. ఆధార్ కార్డు సేఠ్ సొరుగులో ఉంది. పనిలో చేరిన రోజే అందరివీ తీసుకుని దాచేవాడు. అప్పుడు మేం చేసిన ఘనకార్యం ఏమిటంటే, తలలు వంచుకుని మగ్గాల దగ్గరికి పోవడం. అది తలచుకుంటే సేఠ్ మీద ఎంత అసహ్యమో మా మీదా అంతే.

గదికి వచ్చేసరికి అతను బట్టలు సర్దుకుంటున్నాడు. మాతో ఉండే జగిత్యాల పెద్దాయన అడ్డుపడ్డాడు.

"జర ఆగు తమ్మీ. నువ్వు గీ రూముల దిగినప్పుడు ఠాణాల కాయితం ఇచ్చినం, యాదికున్నదా? దాని మీద సంతకం ఎవలు పెట్టిండ్రు?"

అద్దెకు దిగిన ప్రతివాడి పేరునూ ఇంటాయన పోలీసుస్టేషన్‌లో రాయించేవాడు. ఆ మనిషీ అతని ఊరూ తనకు తెలుసని, పనిలో పెట్టుకున్నవాడు కూడా ఆ ఫారం మీద సంతకం చేయాలి. ఇంటాయన దగ్గర నకలు దొరికింది. ఊరు మాల్దా. కింద సేఠ్ సంతకం, కార్ఖానా ముద్ర.

మర్నాడు పొద్దున అతన్ని వెంటబెట్టుకుని నలుగురం ఆఫీసుకు వెళ్లాం. పెద్దాయన జిరాక్సు కాగితాన్ని అద్దానికి ఆనించి, వచ్చిన హిందీలోనే గట్టిగా అన్నాడు. "చేయండి సేఠ్ ఫోన్. ఇతను బంగ్లాదేశీ అయితే పోలీసులకు అబద్ధం రాసిచ్చింది మీరే."

సేఠ్ రెండుసార్లు చదివాడు. తమాషాకు అన్నానన్నాడు. మేమంతా తన కుటుంబమట! ఇంత తమాషా మనిషి దగ్గర ఏడేళ్లు ఉండి ఒక్కసారీ నవ్వలేకపోయాను. జ్వరం మనిషిని పరీక్షకు పంపాడు. సొరుగు తెరిచి బెంగాలీ అతని కార్డు ఇచ్చేశాడు. మా కార్డులు కూడా అడగొచ్చని మాలో ఒక్కడికీ తట్టలేదు.

బయట సందులో లోకాన్ని జయించినట్టు నడిచాం. అతను ఆగి, మా దగ్గర నేర్చుకున్న తెలుగులో అడిగాడు.

"గా కాయితం దొరకకపోతే మీరు నా ఎంబడి వచ్చెటోళ్లా?"

పెద్దాయన జిరాక్సు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను మాస్కు కళ్ల దాకా లాక్కున్నాను.